గోడ మీది వెన్నెల గుట్టలు

"నాయినమ్మా, నాయన ఈ గోడ మీద వేసిన గుట్టల బొమ్మల చందమామ నల్లగైంది. దసరాకని ఇల్లంత సున్నమేస్తున్నం గద, దానికి గూడ జెర పెట్టనా?"

ఆగు బిడ్డా. కుంచె బకెట్ల పెట్టు. జెర నా పక్కన కూసో.

మీ నాయన గడ్డపోతారం కంపెనీలల్ల ట్యాంకుల మీద పేర్లు రాసేటోడు, నీకెరుకే. డబ్బా అడుగున రంగు మిగిలితే అడిగి తెచ్చుకునేటోడు. నలుపు, నీలం... ఇంకేంది, ఆ బూడిద రంగు. గవ్విటితోనే ఈ గుట్టలేసిండు. మీ తాత ఊకుంటడా? "పిల్లజెల్లా తిరిగే ఇంట్ల ఈ అమాసేందిరా?" అన్నడు. "అమాస గాదు నాయనా, చందమామ ఉన్నడు సూడు" అని నవ్విండు వాడు.

నాకైతే సూస్తే గుండె బరువయ్యేది. గన్ని గుట్టలు, ఒక్క మనిషి లేడు. "ఒక గుడిసెన్న వెయ్యిరా, దాంట్ల దీపం పెట్టు" అన్న. "మనుషులు గుట్టల ఎనక పండుకున్నరే అమ్మా. దీపాలార్పిండ్రు, లేపొద్దు" అన్నడు. పొద్దంత మిషన్ల మోత, ఇంటికొస్తే ఈ ఇస్నాపూర్ల లారీల మోత. సప్పుడు లేని జాగ కోరుకున్నడేమో అనుకున్న. నువ్వు చంటిపిల్లగున్నప్పుడే వాడు కామెర్లొచ్చి పోయిండు. ఇగ అప్పటిసంది ఆ మాట ఇంకో తీరుగ ఇనొస్తది. వాడు గూడ ఆ గుట్టల ఎనకకే పోయిండనిపిస్తది.

అందుకే ఏ దసరాకూ ఈ గోడ ముట్టనియ్య. మీ అమ్మను తడిగుడ్డతో తుడువనియ్య గూడ.

చందమామకు వాడు రంగే వెయ్యలేదు, ఎరుకేనా? తెలుపు దొరకలేదు. గుండ్రంగ జాగ ఇడిసిపెట్టి, సుట్టూ నీలం పూసిండు. ఆడ కనబడేది మన గోడనే, పాత సున్నం. అప్పుడు వంట గూడ ఈ అర్రలనే గద, పొయ్యి పొగ పట్టింది.

ఏందో బిడ్డా... వాని చెయ్యి చెరిగిపోతదని గిన్నేండ్లు భయపడ్డ. నీతోని చెప్తుంటే ఇప్పుడు తోస్తున్నది. ఆ గుండ్రంల వాని చెయ్యి పడనే లేదు. ఖాళీగ ఇడిసి పోయిండు.

లే, వెయ్యి. పెద్ద కుంచె వద్దు, పుల్లకు గుడ్డపేలిక సుట్టుకో. కారకుండ పిండు. నీలం మీదికి మాత్రం పోకు తల్లీ, ఆ అంచు వానిది.

హా, గట్ల... మెల్లగ. నీ చెయ్యి సల్లగుండ. సల్లగుండ బిడ్డా...