ఊరికే వచ్చినవాళ్లకు ఒక దబ్బనం

ఆదివారం పూట, ఈ ఎండలో, పనులు మానుకొని వచ్చిన మీ అందరికీ నమస్కారం. భర్త పోయిన ఇద్దత్తులో ఉండి గడప దాటలేక కూతురు ఫిరోజాను పంపిన హజరత్ వలి భార్య మదార్ బీకి ఈడనుంచే నా సలాము. బయట గోడకు ఆనుకొని నిలబడిన మా గురువారం వాళ్లు లోపలికి రండప్పా. ఈ కుర్చీలు తెప్పించింది పెద్దమనుషుల కోసమే కాదు. హజరత్ వలి పోయి ఎనిమిది రోజులయింది. ఆయన కోసం ఏడ్చే హక్కు అందరికన్నా ముందు మీకే ఉంది.

అధ్యక్షులు పెద్దసుబ్బయ్య గారూ! సుబ్బయ్యా, నువ్విప్పుడు ఎర్రగుంట్ల వర్తక సంఘానికి పెద్దవు, కాదనను. కానీ ఎనిమిదో తరగతిలో నీకు తెలుగు చెప్పిన సుందరలక్ష్మి టీచరు ఇంకా బతికే ఉంది. అందుకని నీ మాటల్లో రెండు తప్పులు దిద్దక తప్పదు.

హజరత్ వలి నలభైమంది తాగుబోతులను మార్చినాడన్నావు. ఆయన ఎవరినీ మార్చలేదు. లారీల మీద కప్పే టార్పాలిన్ పట్టలకు మాట్లు వేసేవాడు గానీ, మనుషులకు మాట్లు వేయలేదు.

ఆయన పోయిన ఎనిమిది రోజులకే మా గురువారం వాళ్లలో ఒకడైన గోపన్న మళ్లీ చెడిపోయినాడన్నావు. వలికి మట్టిచ్చిన రోజు గోపన్నను చూసినాము, ఆ తర్వాత చూడలేదు. మనకు తెలిసింది అంతే. బ్రాందీ షాపు దగ్గర కనబడినాడని ఎవరో చెప్పినారు. చెప్పినవాళ్లు ఆడికి ఎందుకు పోయినారో మాత్రం ఎవరూ అడగలేదు. పోయిన మనిషి కోసం ఇంతమందిమి కూర్చున్నాము. రాని మనిషి ఇంటికి ఒక్కరం పోయినామా? నేనూ పోలేదు.

వలి పద్నాలుగేళ్లు తాగినాడు. ఒకరోజు పట్ట లాగి కడుతూ లారీ మీదనుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రి మంచం మీద తాగుడు మానినాడు. మానిన తర్వాత కథ సుఖాంతమని మనం అనుకుంటాము. తాగినప్పటి స్నేహితులు రాలేదు. తాగనివాళ్లు నమ్మలేదు. ఫ్యాక్టరీ రోడ్డులో, లారీల స్టాండు పక్కన, ఆ రేకుల షాపులో ఒక్కడే కూర్చున్నాడు. నాతో ఒకసారి అన్నాడు: "మొదటేడు నాతో మాట్లాడినోళ్లు ఇద్దరే టీచరమ్మా. దబ్బనం ఒకటి, దారం ఒకటి."

2001లో ఒక గురువారం డ్రైవరు దావీదురాజు ఆ షాపు ముందు నిలబడినాడు. ఏమప్పా అంటే, "ఊరికే వచ్చినా" అన్నాడు. పొద్దుటినుంచి తాగకుండా ఓర్చుకొని, ఇంక ఓర్చుకోలేక, ఎవరితో చెప్పుకోవాలో తెలీని మనిషి చెప్పే మాట అది. వలికి తెలుసు. తనూ ఎన్నో గడపల ముందు అదే మాట చెప్పి వెనక్కి వచ్చినవాడు. ఏమీ అడగలేదు. చేతికి ఒక దబ్బనం ఇచ్చి, "ఈ కొస పట్టుకో" అన్నాడు. అప్పట్లో గురువారం గురువారం కరెంటు సెలవు, మిషన్ నడవదు, చేతికుట్టే గతి. వణికే చేతులకు సన్నసూది పనికిరాదు గానీ దబ్బనం ఆగుతుంది. సాయంత్రానికి పట్ట అయింది. దావీదురాజు తాగకుండా ఇంటికి పోయినాడు. మా గురువారాలు అట్లా మొదలైనాయి. ముహూర్తం పెట్టింది కరెంటు ఆఫీసు.

కొత్తవాణ్ని ఎంత తాగుతావు, ఎన్నేళ్లనుంచి తాగుతాండావు అని వలి ఏనాడూ అడగలేదు. "నీకేం వచ్చు?" అని అడిగేవాడు. కోసిగినుంచి నాపరాళ్ల గనిలో పనికి వచ్చిన కంబన్న మూడు గురువారాలు, "నాకేమీ రాదు" అనే చెప్పినాడు. "ఆలోచించుకో, ఈ కుట్టు అయ్యేదంకా టైముండాది" అన్నాడు వలి. నాలుగో వారం కంబన్న తల దించుకొని, "మేకలకు కాన్పు చేస్తా" అన్నాడు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను, అబద్ధమెందుకు? వలి నవ్వలేదు. నెలలోపల పక్క వీధిలో ఒక మేక ఈనలేక పడిపోయింది. వీధి వీధంతా చూస్తుండగా వలి కుంటుకుంటూ పోయి కంబన్నను పిలుచుకొచ్చినాడు. తల్లీ బతికింది, రెండు పిల్లలూ బతికినాయి. ఆ పొద్దునుంచి ఊళ్లో ఆయన్ను తాగుబోతు కంబన్న అనడం మానేసినారు, మేకల డాక్టరు అంటున్నారు. నడుమ రెండుసార్లు జారినాడు. జారిన మర్నాడు కూడా వలి అడిగింది మేకల సంగతే.

మరి ఈ టీచరమ్మకు ఆ షాపులో ఏం పని అని మీలో కొందరు ఏడేళ్లుగా గొంతు తగ్గించి అడుగుతున్నారు. ఈరోజు గట్టిగానే చెబుతాను. మా ఆయన పోయినాక నిద్రమాత్రలు మొదలుపెట్టినాను. ఈ ఊళ్లో కొంటే తెలిసిపోతుందని ఒకసారి ప్రొద్దుటూరు, ఒకసారి కడప. పరువు కాపాడుకోవడానికి నేను ఎక్కినన్ని బస్సులు తీర్థయాత్రలకు కూడా ఎక్కలేదు. ఒకరోజు పందిరికి పట్ట కావాలని వలి షాపుకు పోయి, పగలు పదకొండు గంటలకు స్టూలు మీద కూర్చొనే నిద్రపోయినాను. మెలకువ వచ్చేసరికి నా మీద ఎండ పడకుండా ఒక పట్ట కట్టి ఉంది. వలి తల ఎత్తకుండా, "ఏం మాత్రలు టీచరమ్మా?" అన్నాడు. ఆ తర్వాత, "మీకేం వచ్చు?" అన్నాడు. ముప్పైమూడేళ్లు తెలుగు చెప్పినానన్నాను. "అది మాకు పనికిరాదులే, ఇంకేం వచ్చు?" అన్నాడు. నన్ను అంత మాట అన్నవాడు ఇంకొకడు లేడు. హాజరు వేయడం వచ్చునన్నాను. "అదీ! ఎవరు రాలేదో కనిపెట్టే మనిషి మాకు లేరు" అన్నాడు. మాత్రలు కొంచెం కొంచెంగా తగ్గించింది డాక్టరే. కానీ ఆ డాక్టరు దగ్గరికి నన్ను కదిలించింది ఈ మాట.

ఇప్పుడు నేను చెప్పడానికి ఇష్టపడని సంగతి చెబుతాను.

ఆయన పోవడానికి నాలుగు రోజుల ముందు, మంగళవారం సాయంత్రం, మా ఇంటికి వచ్చినాడు. కుంటికాలితో అంత దూరం ఏనాడూ రానివాడు వచ్చినాడు. ఏమప్పా వలీ అంటే, "ఊరికే వచ్చినా టీచరమ్మా" అన్నాడు.

విన్నారా? ఏడేళ్లు ఆ షాపులో కూర్చున్నదాన్ని. ఆ మాటకు అర్థం తెలిసినదాన్ని. టీవీలో సీరియల్ వస్తాంది. గడపలోనే మంచినీళ్లిచ్చి, "గురువారం వస్తాలేప్పా" అన్నాను. గ్లాసు బోర్లించి పెట్టి, ఇంకొంచెం సేపు నిలబడి, పోయినాడు. ఆ సీరియల్లో ఆ రోజు ఏం జరిగిందో ఇప్పుడు ఒక్క ముక్క గుర్తు లేదు.

గురువారం వచ్చినాడు, అందరికీ దబ్బనాలు ఇచ్చినాడు, నవ్వినాడు. శనివారం పొద్దున ఒళ్లో పట్టతో, షాపులో ఒక్కడే పోయినాడు. గుండె ఆగిందని డాక్టరు చెప్పినాడు. తాగినాడేమో అని గుసగుసలాడేవాళ్లు ఆ డాక్టర్నే పోయి అడగండి. నన్ను తొలిచేది అది కాదు. వారానికి ఒక్కటే గురువారం. మిగతా ఆరు రోజులు ఆయన ఎట్లా గడిపినాడు? మనమందరం ఆయనకు చెప్పుకున్నాము. ఆయన ఎవరికి చెప్పుకున్నాడు? నాకు చెప్పుకోవాలని వచ్చినాడో, నిజంగా ఊరికే వచ్చినాడో, ఇంక ఎవరు చెబుతారు?

మొన్న గురువారం మూసిన షట్టర్ ముందు పద్నాలుగుమందిమి నిలబడినాము. ఒకరి మొహం ఒకరు చూడకుండా చెదిరిపోయినాము. అంతమందిలో అంత ఒంటరితనం నేను ఎన్నడూ ఎరగను.

సుబ్బయ్యా, నెలకొకసారి కడపనుంచి పెద్ద డాక్టరును పిలిపించి ఉపన్యాసం పెట్టిద్దామన్నావు. పిలిపించు నాయనా. డాక్టరు కావాల్సిందే. కానీ గురువారం ఆ పట్ట రెండో కొస పట్టుకునేవాడు మాత్రం ఆ దారిన పోయి వచ్చినవాడే కావాల. అట్లాంటివాళ్లు ఈ గోడ పక్కన వరసగా నిలబడి ఉన్నారు. మదార్ బీ తాళంచెవి ఫిరోజా చేతికిచ్చి పంపింది. ఈ గురువారం దావీదురాజు షట్టర్ తీస్తాడు. నా సీరియల్ చూసుకునే కుర్చీ కూడా ఆ షాపుకే తెస్తున్నాను.

ఇంక లేవండి. లేవలేనివాళ్లు కూర్చొనే ఉండండి, వలి ఏమీ అనుకోడు. రెండు నిమిషాలు నోళ్లు మూసుకొని, ఆయన ఎప్పుడెప్పుడు ఒక్కడే కూర్చొని ఉండినాడో తలుచుకుందాం. అది అయినాక మీరంతా చెదిరిపోతారు, అందుకే ఈ పని ఇప్పుడే చెబుతున్నాను.

కంబన్నా, నువ్వు ఈడనుంచి నేరుగా గోపన్న ఇంటికి పో. షాపులో ట్యూబులైటు నిన్నటినుంచి కొట్టుకుంటాందని ఫిరోజా చెప్పింది. స్టార్టరో, చోకో మనకు తెలీదు, ఫ్యాక్టరీలో వైర్‌మన్ పని చేసినవాడు ఆయనకే తెలుస్తుంది. వచ్చి చూడమని అడుగు. తాగినావా అని అడగొద్దు, వాసన వచ్చినా మొహం తిప్పుకోవద్దు. చేతులు వణుకుతుంటే స్టూలు నువ్వెక్కు, ఆయన్ను కింద నిలబడి చెప్పమను. తలుపు తీయకపోతే వెనక్కి రావద్దు, ఆడే అరుగు మీద కూర్చో. పోతూ పోతూ ఒక స్టార్టర్ కొనుక్కో. రెండు గంటల ప్యాసింజరుకు రైల్వే గేటు వేస్తారు, అంతలోపలే దాటు.