ముందు వరసలో తెల్లగుర్రం

అదిగో, మీరూ అలాగే చూస్తున్నారు డాక్టరుగారూ! ఈవిడ కళ్ళల్లో నిప్పులు పోసుకుంటోంది, అందుకే లేనిపోని వంకలు పెడుతోంది... అనేగా మీ మనసులో?

మా ఆఫీసరూ అంతే. తెల్లగుర్రం కుంటుతోందండీ అంటే, "రేపు కవాతు పెట్టుకుని ఇప్పుడేంటమ్మా ఈ పేచీ" అని నవ్వేసి వెళ్ళిపోయాడు. అందుకే మిమ్మల్ని లాయంలోకి లాక్కొచ్చా. పశువుల డాక్టరు కదా, మీకు నా మొహంతో పనిలేదు. దాని కాలు చూడండి చాలు.

సరే, కుళ్ళే అనుకోండి. ఎందుకుండదూ? రేపు జాతీయ దినోత్సవానికి దీన్నెక్కి, జెండా పట్టుకుని, మా పోలీసు గుర్రాలన్నిటికంటే ముందు వెళ్ళేదెవరు? మా తోడికోడలు! సాక్షాత్తూ మా మరిది పెళ్ళాం!

అసలు ఆవిడగార్ని ఈ దళంలోకి తెచ్చిందెవరండీ? నేను. "అక్కా, నాకూ గుర్రాలంటే ఇష్టం" అని కొంగు పట్టుకు తిరిగితే, జీను బిగించడం దగ్గర్నుంచీ నేర్పింది నేను. మొదటిసారి దబ్బున పడితే, ఇంట్లో ఎవరికీ తెలియకుండా నడుముకి కాపడం పెట్టింది కూడా నేనే!

ఇప్పుడేమో పెద్దాఫీసరు వచ్చి, "ఆ అమ్మాయి కూర్చునే తీరు బాగుంది, ముందుకు పెట్టండి" అన్నాడట. మరి ఇన్నేళ్ళూ ముందు వెళ్ళినదాన్ని నేనెలా కూర్చున్నానట? గోనెబస్తాలాగానా?

నన్ను మూడో వరసలోకి తోశారు. అక్కడేం కనబడుతుందో తెలుసుగా? తోకలు!

ఇంట్లో ఇంకా ఘోరం. మా అత్తగారు ఇరుగుపొరుగుని టీవీ చూడ్డానికి పిలిచేసింది. నేను ముందు వెళ్ళినన్నాళ్ళూ ఆవిడకి ఆ టీవీ పెట్టడమే చేతకాలేదు పాపం! మా ఆయనేమో "పోనిద్దూ, మనింటి పిల్లేగా" అంటాడు. ఒళ్ళు మండదూ?

ఇదిగో, నడిపిస్తున్నా, ఎడమ ముందుకాలు చూడండి. నేల మీద పెట్టగానే తల ఒక్క పిసరు పైకెత్తింది, చూశారా? చూశారు కదా! హమ్మయ్య. మెల్లగా పట్టుకోండి, దీనికి చక్కిలిగింతలు ఎక్కువ.

ఏంటది? లాడానికీ డెక్కకీ మధ్య... రాయా? ఇంత గులకరాయా? తీసేస్తే చాలా? పుండేమీ పడలేదా? అయితే రేపు... వెళ్ళొచ్చా? నిక్షేపంగానా?

ఆఁ. సంతోషం.

సంతోషమేనండీ బాబూ, ఎందుకలా చూస్తారు!

పోనీ, ఉన్నమాట చెప్పెయ్యనా? పొద్దున ఇది కుంటడం చూడగానే నాకు అయ్యో అనిపించలేదు. గుండె గంతేసింది. ఇంకో గుర్రం మీద ఆవిడకింకా పట్టు చిక్కలేదు, ఇక మా మహాతల్లి ఆట కట్టు, జెండా మళ్ళీ నాదే అనుకున్నా. అక్కడితో ఆగానా? నోరు మూసుకుంటే ఇంకా బాగుంటుంది, అందరి ముందూ ఇది తూలుతుంది, ఆవిడగారు జెండాతో సహా బోర్లాపడుతుంది... అదీ అనుకున్నా. గడ్డి కొట్టు వెనక కూర్చుని, చాలాసేపు, తీరిగ్గా అనుకున్నానండీ. ఛీ.

కానీ లేచి ఇటు రాగానే ఈ మూగజీవి నన్ను చూసి ఏం చేసిందో తెలుసా? ఆ కాలు ఎత్తి పట్టుకుంది. చంటిపిల్ల దెబ్బ తగిలిన వేలు చూపించినట్టు. ఇంకేం చెయ్యను? ఆఫీసరు దగ్గరికి పరిగెత్తా.

అదిగో, వస్తోంది. చూడండి ఆ నడక! కొత్త బూట్లు, కొత్త టోపీ... నప్పాయి కూడా, ఖర్మ.

డాక్టరుగారూ, మీకు దండం పెడతాను. కాలి సంగతి నేను కనిపెట్టానని మాత్రం చెప్పకండి. మీరే చూశానని చెప్పండి. నేనని తెలిస్తే "మా అక్కే, మా అక్కే" అంటూ నన్ను వాటేసుకుని ఏడుస్తుంది. అది తిడితే తిరిగి తిట్టగలను.

వాటేసుకుంటే ఏం చెయ్యనండీ నేను?