మరిడి వెయ్యనన్న టముకు

మరిడని ఒకత్తుండేదంట, ఊళ్ళో టముకేసేది. ఆడదేంటి, టముకేంటని నవ్వకండి! మావగారు పోయాక టముకేసే ఆ ఇంటి హక్కు దానికొచ్చింది. మొగుడు గంగులేమో నల్లమందు మింగి అరుగు మీద పడుంటాడాయె. ఆ రాజ్జెంలో ఆచారం ఏంటంటే, ఆ ఇంటోళ్ళ చేత్తో టముకు మీద దెబ్బ పడితేనే అది రాజుగారి మాట. పడలేదా, ఆయన గొంతు చించుకున్నా ఎవడూ కదలడు. ఒకనాడు రాజుగారు, నల్లమందు కొట్లు మూయిస్తాం, అలవాటు పడినోళ్ళకి ఊరూరా వైద్యుణ్ణి పెడతాం అని చాటమన్నాడంట. మరిడి ఎంత సంబరపడిందనుకో! చేతులు వాచేలా కొట్టి ఇంటికొచ్చి, ఏమయ్యో, నీకు వైద్యుడొస్తాడంట, బతికిపోతావు అందంట.

ఏమైందంటే, కొట్లు మూశారు. అది తేలికే, తాళం ఏస్తే అయిపోద్ది. వైద్యుడు మాత్రం రాలా. మింగేది ఒక్కసారే ఆగిపోయేసరికి గంగులికి వాంతులు, వణుకు. మనిషి మంచం పట్టాడు. నెల దాటింది. వైద్యుడేడే, నీ నోటితోనేగా చెప్పావు అని ఊరోళ్ళు మరిడినే నిలదీస్తున్నారు. ఇంతలో అధికారొకడొచ్చి, రాజుగారి పుట్టినరోజు పండగ, టముకెయ్యి అన్నాడు. ఎయ్యను బాబూ, మొదటి మాట సగమే తీరింది, మిగతా సగం తీరందే రెండో మాట చాటను అంది. చూడండర్రా దాని పొగరు! అతను టముకు లాక్కుని తనే కొట్టాడంట. ఒక్కడు గడప దాటితే ఒట్టు. పండగనాడు పందిట్లో కాకులు తప్ప ఎవరూ లేరు.

ఇక రాజుగారే దిగాడు. ఏమే, ఏంటి నీ గొడవ? వైద్యుణ్ణి పెట్టమని నేను ఆనాడే ఉత్తరువిచ్చాను కదా అన్నాడంట. ఇచ్చారు మారాజా, వైద్యుడొచ్చాడో లేదో చూశారా అని అడిగింది. ఆయనకి సిగ్గేసింది పాపం. మూడోనాటికల్లా మందుల పెట్టెతో వైద్యుడు దిగాడు. గంగులు ఆ ముందురోజే పోయాడు.

మరిడి గుండెలు బాదుకుని ఏడ్చింది. ఏడ్చి, లేచి, టముకు తీసింది. ఇయ్యాల ఒద్దే తల్లీ అని ఊరోళ్ళంటే, ఇంకా పదకొండుమంది మంచాల మీదున్నారు కదా అని వీధులన్నీ తిరిగిందంట. వైద్యుడొచ్చాడహో! నా మొగుడు పోయాక ఒచ్చాడహో! ఆ రెండోది చాటొద్దని రాజుగారు కబురెట్టాడు. అది మానలా.

నన్నడిగితే ఆ రాజు చెడ్డోడేం కాదర్రా. చెప్పి, అయిపోయిందనుకునే రకం. చెడ్డోడే అయితే, ఆయన మాట నమ్మి గంగులు వాకిలి వంక చూస్తా నెల్లాళ్ళు పడుండేవోడు కాదు.