జోకు మిగతా సగం

వైరల్ న్యుమోనియా వార్డంతా తిరిగొచ్చి పెద్ద డాక్టరమ్మ అప్పుడే కుర్చీలో కూలబడింది. చిన్న డాక్టరు పరుగున వచ్చాడు.

“మేడమ్! మన కంప్యూటరు పట్టేసింది!”

“ఏం పట్టిందయ్యా?”

“రిపోర్టులన్నీ చూసి, కిటికీ పక్క మంచం ఆయనకి రేపటికల్లా జబ్బు ముదురుతుందంటోంది. ఇప్పుడే ఐసీయూకి పంపేద్దాం!”

“ఆయనకా? నిక్షేపంలా ఉన్నాడు. ఇందాక నాకు జోకు కూడా చెప్పాడు.”

“పూర్తిగా చెప్పాడా?”

“ఎక్కడ! సగం చెప్పి, మిగతాది రేపన్నాడు. ఊరిస్తున్నాడనుకున్నా.”

“నాకూ అదే జోకు మేడమ్! నా దగ్గరా సగంలోనే ఆపేశాడు.”

ఆమె దిగ్గున లేచింది.

“అయ్యో, ఆయనకి ఊపిరి చాలడం లేదయ్యా! పద, మంచం నేనూ తోస్తాను. ఆ మిగతా సగం నేను వినాలి!”