చెంచమ్మ బావికాడ సామి భోజనం

ఊరికి దక్షిణాన పొగాకు కాల్చే బ్యారన్లు దాటినాక ఒంటి చింతచెట్టు, దాని కింద రాతికట్టు బావి ఉన్నాయి చూశారా, అదే చెంచమ్మ బావి. చూశారా అంటున్నానేగానీ మీలో ఒక్కరన్నా దగ్గరికి పోయి చూసుంటారా? నాకు తెలుసు, పోయుండరు. గొర్రెలు తోలుకుపోయేవాళ్లు కూడా ఆ వంపు కాడికొచ్చేసరికి చుట్టు తిరిగి డొంకదారి పట్టిపోతారు. ఎందుకురా అబ్బయ్యా అంటే, ఏమో తాతా, అందరూ అట్టనే పోతారు గదా అంటారు. సరే, ఎందుకో చెప్తా, కూర్చోండి. అమ్మాయ్, ఆ పిడకపొగ కాస్త ఇటు జరుపు, దోమలు చంపేస్తన్నాయి.

చెంచమ్మ దెయ్యం కాకముందు మనిషే గదా, అదీ ఎంత మంచి మనిషో. నీళ్లకొచ్చిందంటే కడవ నిండినా ఇంటికి పోయేది కాదు, వచ్చినోళ్లందరి కష్టసుఖాలూ వినేది, ఎవరికి చేద బరువైతే వాళ్లకి తోడిపెట్టేది. గాలివాన పట్టిన ఏడు, చినుకుల్లోనే నీళ్లకి పోయి, గట్టు మీద కాలు జారి లోపల పడిపోయింది. అంతే. ఎవరి తప్పూ లేదు, ఎవరూ తోసింది లేదు. ఊరంతా ఏడ్చింది, బావి తోడించారు, పసుపూ కుంకం చల్లారు, మళ్లీ ఆ నీళ్లే తాగారు. దెయ్యం గియ్యం అన్న మాటే లేదప్పుడు. ఆమెకి ఒక్కతే కూతురు, మాలకొండమ్మ. ఆ పిల్ల, పిల్లేందిలే, అప్పటికే ఒక ఆడబిడ్డ తల్లి, రోజూ ఆ బావికే పోయేది, చేద వదిలేటప్పుడు ‘అమా, వచ్చానే’ అని మనసులో అనుకునేది. అదొక తృప్తి ఆమెకి.

మరి దెయ్యం యాణ్ణించి వచ్చిందీ అంటే, మఠం నుంచి వచ్చింది.

వానల్లేక ఊరు ఎండిపోయిన కాలంలో ఒక సామి వచ్చాడు. ఆయన పేరు చాలా పొడుగు, మనోళ్లకి నోరు తిరగక మఠం సామి అన్నారు. ఊరి చివర తాటాకు పందిరేసి అదే మఠమన్నాడు, సోమవారం సోమవారం భజన పెట్టాడు. గొంతు మటుకు ఏం గొంతబ్బా, వింటంటే కళ్లెంట నీళ్లొచ్చేవి. కష్టంలో ఉన్న జనం పోయారు, పోయి కూర్చున్నారు. తర్వాత వానలు పడ్డాయి, సజ్జచేలు ఏపుగా లేచాయి, ఇంకెవరికి తీరిక? భజనకి నలుగురు ముసలోళ్లు మిగిలారు. సామికి దిగులు పట్టింది. దిగులు పట్టి, ఒక సోమవారం కళ్లు మూసుకుని, ఊరి దక్షిణాన బావిలో ఒకావిడుంది, అకాల మరణం, దాహంతో అల్లాడుతుంది, మఠంలో నేను కట్టే దారం చేతికి లేనోళ్లనీ సోమవారం తప్పినోళ్లనీ పట్టుకుంటుంది, నాకు కళ్లారా కనపడింది అన్నాడంట. ఆ వారమే ఎవరిదో బర్రె చచ్చింది. బర్రెలు చావవా? ఏ ఊళ్లో అయినా ఏదో ఒక బర్రె చస్తానే ఉంటది. కానీ భయం పట్టినోడికి ఈ మాట చెప్తే వింటాడా? పై సోమవారానికి పందిరి చాల్లేదు.

మాలకొండమ్మకి కడుపు రగిలిపోయింది. చచ్చిపోయిన తల్లిని తెచ్చి ఊరి మీదకి కుక్కని ఉసిగొల్పినట్టు ఉసిగొల్పితే ఎవరికి మండదు? అయినా నోరు మెదపలేదు. ఎందుకంటారా? ఆమె మొగుడు ఓబులయ్య ఉన్నాడే, అతగాడు పొద్దుగూకితే కల్లుపాకలో తేలేవాడు. దారం కట్టించుకున్నాక, తాగితే దారం మైలపడి అత్త వచ్చి పట్టుకుంటదని వణికి ఒక్కసారిగా మానేశాడు. అత్త బతికుండగా ఎన్ని తిట్లు తిట్టినా మాననోడు ఆమె చచ్చినాక మానాడు! దీపాలేళకి ఇంటికొస్తన్నాడు, బిడ్డని ఎత్తుకుని ఆడిస్తన్నాడు. ఈ సుఖం ఆ అబద్ధం వల్ల వచ్చిందే గదా, అబద్ధం పోతే సుఖమూ పోద్దేమో అని ఆమెకి గుబులు. చూశారా, దారం కట్టుకోకపోయినా ఆమెకీ ఒక భయం తగులుకుంది. అందుకని అందరితో పాటు తనూ బావి మానేసి, వాగులో చెలమ తవ్వుకుని నీళ్లు తెచ్చుకునేది.

ఒకరోజు సాయంత్రం బిడ్డ సంకటి తిననని మారాం చేస్తంటే, ఓబులయ్య ఉత్తపుణ్యానికి, ‘తినకపోతే బావిలో అవ్వ వచ్చి పట్టుకుపోద్ది’ అన్నాడు. ఆ పసిది ఏడవను కూడా ఏడవలేదు. కళ్లు తేలేసి తండ్రి వైపు చూసి, గుడ్డలు తడుపుకుని, తల్లి కొంగులోకి దూరి వణికిపోయింది. అక్కడ తెగిపోయింది మాలకొండమ్మకి. మా అమ్మ బతికుంటే ఈ బిడ్డని నేల మీద దించేదా, అట్టాంటి మనిషి పేరు చెప్తే సొంత మనవరాలు గుడ్డలు తడుపుకోడమా, మొగుడు తాగితే తాగనీ, అనుకుంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం కడవా చేదా తీసుకుని బావికి బయల్దేరింది. దెయ్యాలకి నడిరేయి ఎంతో మిట్టమధ్యాహ్నమూ అంతే, మీకు తెలుసుగా. ధైర్యంగా పోయిందనుకోబాకండి. దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగి, మళ్లీ కడవ సర్దుకుని నడిచింది. సొంత అమ్మే అయినా, అన్నాళ్లుగా ఊరంతా అంటంటే మనసులో ఏదో మూల ఆ మాట పడిపోద్ది గదా. చెట్టు కిందకి పోయి చూస్తే, చెంచమ్మ వేరు మీద కూర్చునుంది. తడిచీరె, తడిజుట్టు. పాదాలు వెనక్కే తిరిగున్నాయంట, దెయ్యమన్నాక తప్పదు మరి.

‘వచ్చావంటే! ఎవరూ రాకపోతే ఊరుగాని ఖాళీ అయిందేమో అనుకున్నా’ అందంట చెంచమ్మ.

ఆ గొంతు వినేసరికి మాలకొండమ్మకి భయం ఎటు పోయిందో తెలీదు. గట్టు కాడ కూలబడి ఏడ్చి ఏడ్చి, జరిగిందంతా చెప్పింది. చెప్పి, నువ్వు జనాన్ని పట్టుకుంటన్నావా అమా అని అడగను కూడా అడిగింది. కూతురైనా అనుమానం అనుమానమే గదా.

‘నేనెవర్నే పట్టుకునేది? చేదతాడు పట్టుకుందామంటేనే చేతిలో ఆగడం లేదు’ అందంట తల్లి. ఆ సామి ఎట్టుంటాడు, వండిపెట్టేవాళ్లు ఎవరన్నా ఉన్నారా ఆయనకి అని అడిగింది. ఎవరూ లేరమా, అటుకులు నానేసుకుని తింటాడు అంటే, అదా సంగతి, ఒకసారి తీసుకురా, చూస్తా, నువ్వు మటుకు ఆయన్ని తిట్టబాక అందంట.

సోమవారం వచ్చింది. భజన అయిపోయి సామి కళ్లు మూసుకోబోతంటే మాలకొండమ్మ లేచి నిలబడింది. ఓబులయ్య కొంగు పట్టి లాగుతానే ఉన్నాడు, ఆమె కూర్చోలా.

‘సామీ, రేపు మధ్యాహ్నం మా అమ్మకి బావికాడ కూడు పెట్టుకుంటన్నా. ఆమె కనపడింది ఊళ్లో మీకొక్కరికే. మీరే వచ్చి విస్తరి ముందు కూర్చోవాల.’

పందిరంతా సామి వైపు తిరిగింది. రాననడానికి దారేదీ? దెయ్యాన్ని ఆపే సామే దెయ్యం కాడికి రాకపోతే ఇంక ఆ దారాలెందుకు? ‘వస్తానమ్మా’ అన్నాడు. ఆ గొంతు మటుకు భజన గొంతు కాదు.

మర్నాడు ఊరు ఊరంతా డొంకలో కంపచెట్ల వెనక నిలబడింది. సామి ఒక్కడే చింతచెట్టు కిందకి నడిచాడు. కమండలంలో నీళ్లు తొణికి పంచె తడిసింది, అవి కమండలంలో నీళ్లేనంటావా అని వెనక ఎవరో అన్నారు కూడా. మాలకొండమ్మ విస్తరేసి సజ్జసంకటి, ముద్దపప్పు, గోంగూర వడ్డించింది. ఆయన కూర్చుని తలెత్తితే ఎదురుగా చెంచమ్మ. కంపల వెనకోళ్లకి కనపళ్లేదు, ఆ ఇద్దరికే కనపడింది.

చెంచమ్మ ఆయన మొహంలోకి తేరిపార చూసి, ‘మొహం అంత పీక్కుపోయిందేంది నాయనా, సరిగా నిద్రపోతన్నావా?’ అందంట.

ఆ మాటకి సామి పసిపిల్లోడిలాగా బావురుమన్నాడు. ఏడుస్తానే చెప్పుకొచ్చాడంట. నన్ను చిన్నప్పుడే తెచ్చి గురువు కాడ వదిలారమ్మా, ఆయన రోజూ యమలోకం సంగతులు చెప్పేవాడు, కాగే నూనె, రంపాలు, అన్నీనూ, పాఠం తప్పితే చీకటిగదిలో పెట్టి గొళ్లెమేసేవాడు, ఇంతవాణ్ణయినా దీపం ఆర్పి పడుకోలేను, ఆ భయమే నన్ను దారిలో పెట్టిందనుకున్నా, జనాన్నీ దాంతోనే దారిలో పెట్టొచ్చనుకున్నా, నిన్ను నేను చూడనేలేదమ్మా, అబద్ధం చెప్పా, అన్నాడంట.

‘దారిలో పెట్టాడో లేదోగానీ మీ గురువు నీ నిద్ర చెడగొట్టాడు. సరేలే, సంకటి చల్లారిపోతంది, ముందు తిను’ అంది చెంచమ్మ. సామి తిన్నాడు. గోంగూర మళ్లీ అడిగి వేయించుకున్నాడు. తిని చెయ్యి కడుక్కుని, ఆ చెట్టు కిందే పైగుడ్డ పరుచుకుని, ఊరంతా చూస్తండగానే, పొద్దు వాలిందాకా గుర్రు పెట్టి నిద్రపోయాడు.

లేచినాక డొంకలోకి వచ్చి అందరి ముందూ చెప్పేశాడు. ఆ తల్లి ఎవర్నీ పట్టుకోదు, మిమ్మల్ని రప్పించుకోడానికి నేనే కల్పించా, దారాలు ఉంచుకుంటే ఉంచుకోండి, తెంపుకుంటే తెంపుకోండి, భజన మటుకు ఉంటది, పాడాలనిపిస్తే రండి అన్నాడు. కొంతమంది నోటికొచ్చినట్టు తిట్టారు. ఇంకొంతమంది, భయం చెప్పనోడు సామెట్టా అవుతాడని వేరే ఊళ్లో మఠం వెతుక్కుంటా పోయారు, అట్టాంటోళ్లూ ఉంటారు. పై సోమవారం పందిరి సగం కూడా నిండలేదు. కానీ వచ్చినోళ్లు, ఎవరొచ్చారు ఎవరు రాలేదు అని వెనక్కి తిరిగి చూసుకోకుండా పాడారు, ఆ పాట ఊళ్లోకి వినపడింది.

ఓబులయ్య సంగతి అడుగుతారని నాకు తెలుసు. దారం తెంపిన సాయంత్రమే కల్లుపాకకి పోయాడు. మాలకొండమ్మ గడపలో కూర్చుని, పోతే పోయాడ్లే అనుకుంటానే కళ్లు తుడుచుకుంది. ఇంకా వెలుగుండగానే తిరిగొచ్చాడు. ఏమయ్యా, అప్పుడే వచ్చావేందని ఆమె అడిగితే, ‘ముంత నోటిదాకా తెచ్చా. బిడ్డ ఆ పొద్దు నా వైపు చూసిన చూపు గుర్తొచ్చింది. దించేశా’ అన్నాడు. పూర్తిగా మానాడా అంటే లేదబ్బయ్యా, ఉన్నమాట చెప్పాల, జాతరకీ పెళ్లికీ కాస్త పుచ్చుకునేవాడు. దానికి ఆమె పెద్దగా ఏమనేది కాదు.

బిడ్డకి మటుకు కొంతకాలం పట్టింది. మొదట చెట్టుకి అల్లంత దూరాన నిలబడేది, తర్వాత తల్లి చీరె పట్టుకుని నీడ దాకా వచ్చింది. ఒకరోజు తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుని బావిలోకి తొంగి చూసి, ‘అవ్వా, నేను సంకటి మొత్తం తిన్నా’ అని అరిచి, లోపల్నించి తన గొంతే మళ్లీ వినపడేసరికి కిలకిలా నవ్వింది. మాలకొండమ్మ కడవ నెత్తిన పెట్టుకుని, బిడ్డని చంకనేసుకుని, నవ్వుకుంటా ఇంటికొచ్చింది.

ఆ తర్వాత బోర్లొచ్చాయి, కుళాయిలొచ్చాయి, నీళ్లకి పోయేవాళ్లు లేరు, సంగతి తెలిసినోళ్లూ పోయారు, భయం మళ్లీ దానంతటదే మొలిచింది. ఈసారి సామి కూడా అక్కర్లేకపోయింది.

అట్టని రేపు పొద్దున్నే పోయి చూసొద్దామని బయల్దేరబాకండి. గట్టు రాళ్లన్నీ ఊడిపోయాయి, అడుగు తప్పితే అంతే సంగతులు. పడితే చెంచమ్మ పైకి తీస్తదిలే అనుకునేరు, ఆమెకి ఈత రాదు. వచ్చుంటే దెయ్యమెందుకయ్యేది?