పోతులవాళ్ళ సాలీడు

రాండి, రాండి, దగ్గరికి జరగండి. కమలాక్షీ, ఆ ఈతచాప ఇట్ల లాగి వెనకోళ్ళకు కూడా చోటియ్యి. గుంట అంచు మీద ఎవురూ కూర్చోవద్దండి, మన్ను రాలుతాది. కూర్చున్నారా? చూడండి, నేనూ కూర్చున్యా, మగ్గం గుంటలోకి కాళ్ళు దించుకొని. ఈ పొద్దు నన్ను ఈడ నుంచి లేపేవాడు ధర్మవరంలో పుట్టలేదు.

అదో, మీ తిప్పమ్మవ్వ గడప కాడ మన్నుతట్ట దించుకొని నిలబడింది చూడండి. ఎందుకో తెలుసా? ఈ గుంట పూడ్చాలంట! యుద్ధం వచ్చె, విమానాల్లోంచి దూకే సిపాయిల గొడుగులకని పట్టంతా సర్కారే ఎత్తుకొనిపాయె, మగ్గం పోయిన ఉగాది నుంచి ఆడలేదు, కాబట్టి గుంట పూడ్చి నేల చదును చేస్తే షావుకారి చెనిక్కాయలు తెచ్చి కూలికి ఒలుచుకోను జాగా అవుతాదంట. నేను ఒకటే మాట చెప్తి. పూడ్చేది లేదు! ఈ గుంట మన ఒక్కరిదే కాదు. ఆ తొక్కుడు చెక్కల కింద, మూలలో, గూడు కట్టుకొని కూర్చుంది చూడండి, ఆ సాలీటిది కూడా. అది ఉత్త సాలీడనుకుంటాండారా? దానిది మన ఇంటిపేరే. పోతుల!

"సాలీటికి ఇంటిపేరేంది తాతా?" అని అడిగింది పక్కింటి కమలాక్షి.

"చెప్పనీ పాపా," అంది తిప్పమ్మ. "నోరు ఎంత ఆడినా మగ్గం ఆడదు. కథ అయినాక నేను మన్ను పోసేది పోసేదే."

చూస్తాం, చూస్తాం. వినండి పిల్లలూ. పదేండ్ల కిందట పెనుకొండకు ఒక దొర వచ్చె. పులిని కొట్టను రాలేదు, కిస్తు అడగను రాలేదు, సాలీళ్ళను పట్టుకోను వచ్చె. నేను చీరల మూట ఎత్తుకొని హిందూపురం పోతాండా, పెనుకొండ స్టేషన్లో నీళ్ళు తాగను దిగితి, రైలు నన్ను ఇడిసిపెట్టి పాయె. దొర సీసాలపెట్టె మోసే మనిషి కావాలనె. మోస్తి. అంతే. గొప్పలు చెప్పుకొనే మనిషిని కాను నేను, మోసింది ఒక్క పెట్టె.

"పెట్టె వరకూ నమ్ముతా," అన్నాడు ఎదురింటి కదిరప్ప. అతనిదీ ఆగిపోయిన మగ్గమే. గడప మీద కూర్చొని బీడీ వెలిగించుకున్నాడు. "ఆ పైన ఏమప్పా, గంగాధరప్పా?"

ఆ పైన కొండెక్కితిమి. దొర ఒక్కో సాలీడును పట్టి, భూతద్దం పెట్టి, కాళ్ళు చూస్తాడు. ఆరు కాళ్ళుంటే పురుగంట, ఎనిమిదుంటేనే సాలీడంట. గుర్తు పెట్టుకోండి, అడిగితే చెప్పాల. అంతవరకు దొర మాట బాగానే ఉండె. ఆ పైన వాటిని జాతులుగా విడదీయను కూర్చొని, దీనికి కండ్లు ఎట్ల ఉండాయి, దానికి కోర ఎట్ల ఉండాదని చూసి చూసి, పొద్దు గూకినా ఒక్క కుప్ప తేల్చలేకపాయె. నేను అంటి, "దొరా, నేతగాన్ని మొగం చూసి గుర్తుపట్టేది యాడన్నా ఉండాదా? నేత చూడు!" అంటి. చకచకా విడదీస్తి. ఇదో, వీళ్ళు ముందు పడుగు పోసుకొని, ఆ పైన చుట్టూ పేక తిప్పేవాళ్ళు, బండిచక్రం మాదిరి గూడు, నాణ్యమైన పనివాళ్ళు. వీళ్ళు దుప్పటి పరిచేవాళ్ళు, ముతక నేత. వీళ్ళు మగ్గమే లేకుండా ఎగిరి దూకి తినేవాళ్ళు, కూలిజనం. వీళ్ళు నేలలో గుంట తవ్వి, దాంట్లో పట్టు పరుచుకొని కాళ్ళు ముడుచుకొని కూర్చునేవాళ్ళు. గుంటమగ్గం వాళ్ళు, నా మాదిరి!

దొర టోపీ తీసి నా నెత్తిన పెట్టె. ఆ టోపీ యాడుందని అడగవద్దు కదిరప్పా, మేక తినింది.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? పేర్లు పెట్టేది వచ్చె. దొర చెప్పినాడు, ప్రతి సాలీటికీ రెండు పేర్లంట, ముందు ఇంటిపేరు, వెనక సొంతపేరు. ఒకే తీరువి అన్నీ ఒకే ఇంటిపేరు కిందికి వస్తాయంట, మన పోతుల యల్లప్ప, పోతుల హనుమంతరాయుడు, పోతుల గంగాధరప్ప దాయాదులైనట్ల. నాకు నవ్వొచ్చె. "దొరా, మీ మనుషులకు ఇంటిపేరు తోక మాదిరి వెనక తగిలిస్తారు, సాలీళ్ళకైతే మా మాదిరి ముందు పెడతారు. ఆ బుద్ధి మీ పిల్లలకు పేర్లు పెట్టేటప్పుడు యాడ పోయింది?" అంటి.

"దొరతోనా?" అని నోరు తెరిచింది కమలాక్షి.

దొరతోనే! ఇంకా విను. రెండు చెట్ల నడుమ ఒక గూడు. దాని నడిమధ్య ఆడసాలీడు, నా అరచెయ్యంత. పక్కన మగది, రాగిగింజంత. దొర రెండింటికీ ఒకే ఇంటిపేరు, ఒకే పేరు రాస్తాండాడు, మొగుడూ పెండ్లాలంట. నేను కలం పట్టుకుంటి. "ఆగు దొరా! ఒకే ఇంటిపేరోళ్ళకు పెండ్లెట్ల చేస్తావు? అన్నాచెల్లెండ్లు అవుతారే! కులపెద్దలు ఊరుకుంటారా?" దొర, "సాలీళ్ళలో అట్ల లేదప్పా" అంటాడు. "మీ దేశం సాలీళ్ళలో లేకపోవచ్చు, పెనుకొండలో పుట్టిన సాలీటికి పెనుకొండ ఆచారమే!" అని అడ్డం కూర్చుంటి. మూడుపూట్లా వాదన. కడకు నేనే దారి చూపిస్తి. ఆడదానికి రెండు చీటీలు రాయి, పెండ్లికి ముందు పుట్టింటి పేరుతో ఒకటి, పెండ్లయినాక అత్తింటి పేరుతో ఒకటి. కొండ మీది ఆడసాలీళ్ళన్నిటికీ అట్లనే రాసె. కాయితాలు చాలక పరిగి నుంచి, కొత్తచెరువు నుంచి బండ్ల మీద తెప్పిచ్చె!

"లగ్నాలు పెట్టిందెవురు? నువ్వేనా?" అన్నాడు కదిరప్ప. పిల్లలు కిసుక్కుమన్నారు.

నవ్వండి, నవ్వండి. అసలుది ఇప్పుడు వస్తాంది. కొండ వెనక గుహలో ఒక సాలీడు ఉండె, ఒక్కటే. దాని కాలు ఒక్కొక్కటి తాటిమాను. అది గూడు కట్టాలంటే ఒక కొస కోటబురుజుకు కట్టి, రెండో కొస రైలుకట్ట అవతల గుట్టకు కడతాది. ఆ పొద్దు బెంగుళూరు రైలు వచ్చె. గూట్లో ఈగ పడినట్ల పడె! ఇంజను పొగ వదులుతాది, చక్రాలు తిరుగుతాయి, బండి మాత్రం ఉయ్యాలూగుతాంది. లోపల జనం లబోదిబోమంటాండారు. డ్రైవరు విజిలు వేసిన కొద్దీ ఆ సాలీడు ఆకలిగా చూస్తాంది. గొడ్డండ్లు తెచ్చి కొట్టిరి, తెగలేదు. పోలీసోళ్ళు తుపాకులు కాలిస్తే గుండ్లు పోగుకు తగిలి వాళ్ళ మీదికే వచ్చె. నేను నిదానంగా పోతి. ఎంత నేతకైనా కొస అనేది ఒకటి ఉంటాది గదా? కొస పట్టుకుంటి, బొటనవేలికి చుట్టుకుంటి, లాగితి. అంతే, సర్రున గూడంతా ఊడొచ్చె, రైలు హిందూపురంలో ఆగకుండా ఒకే పరుగున బెంగుళూరు పాయె!

"సాలీడు ఊరుకునిందా?" అంది కమలాక్షి.

ఊరుకుంటాదా? నా మీదికి ఉరికె. కానీ నా చేతిలో దాని పోగు కండె చుట్టి ఉండేది చూసి, ఒక్క చిక్కు లేదే, ఒక్క ముడి లేదే అని, ముందరి రెండు కాళ్ళు జోడించె! పనివానికి పనివాడే మర్యాద చేసేది. ఆ పోగుతో ఈ గుంటలోనే, ఇదో ఈడ కూర్చొనే, ఒక చీర నేస్తి. మడిస్తే చింతగింజలో పడుతాది. పరిస్తే ఈడ నుంచి పెనుకొండ దాకా నీడ. ఆ ఏడు ఎండాకాలం రాలేదు, మీ నాయనలను అడగండి.

"ఆ చీర నేను ఒక్కరోజూ కట్టలేదే," అంది తిప్పమ్మ.

ఎట్ల కడతావు మే? కొస యాడుందో నాకే కనపడకపాయె!

సరే, అది ఉండనీ. ఆ పెద్దదానికి పేరు పెట్టాల. దొర మెల్లగా తన పేరు రాసుకుంటాండాడు. నాకు ఒళ్ళు మండె. "ఏం దొరా! పుట్టింది మా కొండ మీద, తిన్నది మా ఈగల్ని, కాళ్ళు జోడించింది నాకు. మా సాలీటికి మీ పేరేంది? రాళ్ళకు మీ పేరే, రోడ్లకు మీ పేరే, కడకు బూజుకు కూడా మీ పేరేనా?" అంటి. దొర వినలేదు. కొండ మీద సత్యాగ్రహం కూర్చుంటి. నేను కూర్చుంటే సాలీళ్ళన్నీ నా వెనక వరసగా కూర్చున్యాయి. గుంటమగ్గం వాళ్ళు, చక్రంగూడు వాళ్ళు, దుప్పటి వాళ్ళు, కూలిజనం, అందరూ! ఒక్కటీ పోగు తీయలేదు. హిందూపురంలో ఈగలు ముసిరె, మద్రాసులో దోమలకు పెద్దదొరలు నిద్ర లేక కచేరీలు మూసేసిరి, కడకు దొరల సీమ నుంచి తంతి వచ్చె. ఏమని? "గంగాధరప్ప ఏం చెప్తే అది రాయండి" అని! దొర కలం సిరాలో ముంచి రాసె. ముందు ఇంటిపేరు, పోతుల. దాని గుహ కూడా ఒక గుంటే గదా, కాబట్టి దాని సంతతి, దాని దాయాదులు, ఈ దేశంలో గుంటలో కూర్చొనే సాలీళ్ళన్నీ పోతులవాళ్ళే. అదో, ఆ మూల కూర్చునిందీ పోతులదే. ఇంటిపేరు మనిషి బతికుండంగా దాని గుంటలో మన్ను పోసే మొనగాడెవడో రమ్మను!

గంగాధరప్ప ఛాతీ విరుచుకొని అందరి వంకా చూశాడు. పిల్లలు గుంటలోకి తొంగి చూశారు. కదిరప్ప బీడీ కూడా ఆరిపోయింది.

తిప్పమ్మ కొంగు దులుపుకుంది. "అయితే ఆ సాలీళ్ళు నీ దాయాదులేనా?"

"కాక మరి? ఇంటిపేరే చెప్తాంది గదా!"

"మొన్న మంగళవారం దీంట్లోంచే ఒకటి నీ తొడ మీదికి పాకితే, చెప్పు తీసుకొని మూడుసార్లు కొట్టి చంపితివే. దాయాది సచ్చిపోతే మైల పట్టాలని తెలీదా? తలకు పోసుకున్యావా? లేదు. పైగా చెయ్యన్నా సరిగా కడగకుండా కోడికూర, సంగటి తింటివి. రెండోసారి కూడా ఏయించుకుంటివి!"

చాప మీద పిల్లలు పొర్లి పొర్లి నవ్వారు. కదిరప్ప గడప మీద నుంచి జారి కింద కూర్చున్నాడు. "దాయాదిని చెప్పుతో కొట్టిన మొగోడివి నువ్వొక్కడివేనప్పా!" అన్నాడు కండ్లు తుడుచుకుంటూ. తిప్పమ్మ వంగి మన్నుతట్ట నడుముకెత్తుకుంది.

గంగాధరప్ప గుంటలో కాళ్ళు కదిలించి చూసుకున్నాడు. తొక్కుడు చెక్క కిర్రుమంది. తర్వాత తల పైకెత్తాడు.

"నేను కొట్టింది ఈ గుంటలోని మన మనిషినని నాకు ఇప్పుడే తెలిసె. నువ్వే చెప్తివి. దూరాన దాయాది పోతే, కబురు తెలిసిన దినం నుంచి గదా మైల పట్టేది? సరే. పడతా! ఈ పొద్దు నుంచి ఈ ఇంట్లో మైల. మైల ఇంట్లో మన్ను కదిలించకూడదు. దించు ఆ తట్ట."

ఎవరూ నవ్వలేదు. తిప్పమ్మ అతని మొగం వంక చాలాసేపు చూసింది. యుద్ధం అయిపోతే పట్టు మళ్ళీ వస్తుందని అతను ఏడాదిగా చెబుతున్న మాటే ఆ మొగంలో ఉంది. ఆమె తట్టను బయట పంచలో దింపింది.

"సరే. మైల తీరే పెద్దదినం అయ్యేదాకా ముట్టను. కానీ మైల ఇంట్లో పొయ్యి కూడా వెలిగించేది లేదు," అని చాప మూల మీద చతికిలబడి కూర్చుంది.

"వెలిగించొద్దు!" అన్నాడు గంగాధరప్ప. "పస్తుంటా. గుంటలోనే ఉంటా." పిల్లల వైపు తిరిగి చేతులు ఊపాడు. "ఏమి చూస్తాండారు? లేయండి. మీ ఇండ్లల్లో పొయ్యిలు మండుతాండాయి, పోయి కడుపునిండా తినండి. దారిలో సాలీడు కనపడితే తొక్కొద్దండి, మైల పట్టేది నేనే! కదిరప్పా, నువ్వు కూడా పో. పోయి మీ ఇంటి ఆయమ్మతో చెప్పు, మైల ఇంటికి సంగటి పంపాల్సింది ఇరుగుపొరుగోళ్ళేనని. రెండు ముద్దలు. తిప్పమ్మకు పెద్దది."