సరిపడే మీటింగు

వారపు సెలవు. సెలూన్ షట్టరు సగానికి దించి తమ్ముడు కత్తెరలు తుడుస్తున్నాడు. అక్క గడ్డం గీయించుకునే కుర్చీలో కూర్చుని ఉంది.

"పక్కింటావిడ నాతో అందిరా, పోయినవారం ఇదే రోజు నువ్వు లైబ్రరీ మెట్లు సగం ఎక్కి, గిరుక్కున తిరిగి దిగిపోయావట. ఒకసారి కాదు, రెండుసార్లట."

"ఆవిడకి వేరే పనేం లేదా? అందరి సంగతులూ ఆవిడకెందుకు?"

"అబ్బో! ఈ మాట నువ్వంటున్నావా? ఈ కుర్చీలోంచి లేచినవాడి గుట్టు, తువ్వాలు దులిపేలోగా వీధి దాటిస్తావు కదరా."

"అక్కా, పొద్దున్నే మొదలెట్టకు."

"మొదలెట్టక? మాత్రలు ఇవాళ్టితో సరి. డాక్టరమ్మ ఏమంది? మాత్ర చేతి వణుకు ఆపుతుంది గానీ మనిషిని ఆపదు, తాగుడు మానేస్తున్న తోటివాళ్ళ మీటింగులో కూర్చోవాలంది. మీ ఆవిడేమంది? నువ్వు మీటింగులో కూర్చున్నావని తెలిసిన రోజునే పిల్లల్ని తీసుకుని తిరిగి వస్తానంది. ఇదిగో, నర్సు రాసిచ్చిన కాయితం. నాలుగున్నాయి. ఏదో ఒకటి ఒప్పుకో."

"చదువు."

"బుధవారం, వంతెన అవతల."

"దూరం."

"దూరమా? ఇటువైపు కొట్లన్నీ మూసిన రోజు, సీసా కోసం ఆ వంతెన నడిచే దాటావు కదరా! వానలో, గొడుగైనా లేకుండా."

"అప్పుడు కాళ్ళు నా మాట వినలేదక్కా."

"రెండోది శుక్రవారం పొద్దున."

"షాపు ఎవరు తీస్తారు, నువ్వా?"

"తీస్తాను. పోయిన నెల ఆ పెద్దాయన చెవి కోసింది నేను కాదుగా."

"సరే, తర్వాతది చదువు."

"మూడోది ఫోన్లో. మొహాలు చూసుకుంటూ మాట్లాడుకుంటారట."

"మొహం చూపిస్తూ, గ్లాసు వాళ్ళకి కనపడకుండా కింద పెట్టుకుంటాను. నా సంగతి నాకు తెలీదా?"

"అదీ నిజమే. అయితే నాలుగోది. లైబ్రరీ మేడమీద. రెండు వీధులు. నీ సెలవు రోజున, సాయంత్రం అయిదింటికి. అంటే ఇవాళే. కొలతలు తీసి కుట్టినట్టుంది నీకు."

"అది వద్దు."

"ఎందుకు?"

"వద్దంటే వద్దు."

"దూరమా?"

"కాదు."

"వేళ కుదరదా?"

"కుదురుతుంది."

"మరేం రోగం?"

"అందరూ నా దగ్గరికొచ్చే వాళ్ళే అక్కా."

"మరీ మంచిది. ఇన్నాళ్ళూ వాళ్ళ తలలు నువ్వు చూశావు. ఇప్పుడు నీ తలలో ఏముందో వాళ్ళు చూస్తారు."

"లెక్కల మాష్టారు వస్తారక్కడికి."

"వస్తే? కొడతారా నిన్ను?"

"కొడితే బావుణ్ణు."

"ఒరేయ్. ఏం చేశావురా?"

"ఏం లేదు."

"ఏం చేశావు?"

"గడ్డం గీశాక బుగ్గలకి లోషన్ రాయబోతే చెయ్యి పట్టుకున్నారు. 'వద్దయ్యా, స్పిరిట్ వాసన. నేను మానేసి ఇవాళ్టికి వంద రోజులు. లైబ్రరీ మేడమీదకి వెళ్తున్నాను. నీలోనే ఉంచుకో' అన్నారు. మెల్లగా, నాకొక్కడికే వినపడేలా."

"ఊఁ."

"ఆయన మెట్టు దిగారో లేదో... బెంచీ మీద నలుగురున్నారు."

"చెప్పేశావా?"

"చెప్పడమే కాదు. తాగితే ఎలా నడిచేవారో చేసి చూపించాను."

"ఛీ!"

"నవ్వారక్కా. పగలబడి నవ్వారు. నాకూ హుషారొచ్చింది. ఇంకోసారి చేసి చూపించాను. వాళ్ళల్లో ఇద్దరి పిల్లలు ఆయన దగ్గరే ట్యూషను."

"మాన్పించేశారా?"

"వారం తిరక్కుండా అందరు పిల్లలూ మానేశారు. ఆయన మళ్ళీ తాగారట, రెండు నెలలు. ఇప్పుడు మళ్ళీ మానేసి అక్కడికే వెళ్తున్నారట. నా షాపు ముందు నుంచి నడవరు. గడ్డం పెంచేశారు."

"అప్పటికి నువ్వు తాగుతూనే ఉన్నావు కదరా?"

"ఆ పూట కూడా. అద్దం వెనక సీసా పెట్టుకునే చెప్పాను."

"ఫోనిలా ఇవ్వు."

"ఎవరికి?"

"కాయితం మీద నంబరుంది, పేరు లేదు. మాష్టారు రాని రోజేదైనా ఉందేమో అడుగుదాం."

"అక్కా, వద్దు. స్పీకరు తీసెయ్..."

"హలో! లైబ్రరీ మేడమీద మీటింగు. చెప్పండి."

"అయ్యా, మా తమ్ముడండీ. మానేసి తొమ్మిది రోజులైంది."

"తొమ్మిదా! శభాష్. ఈ మొదటి రోజులే ప్రాణం తీస్తాయమ్మా. పేరు చెప్పక్కర్లేదు, ఏం పని చేస్తాడో చెప్పక్కర్లేదు. వచ్చి వెనక బెంచీలో కూర్చుంటే చాలు. పక్కనే ఉన్నాడా?"

"ఉన్నాడండీ. మాట్లాడరా. ఏంట్రా, అలా తెల్లబోయావు?"

"మాష్టారూ, నేనండీ. సెలూన్..."

"గొంతు తెలిసింది."

"ఆ రోజు నేను చేసింది..."

"అది వదిలెయ్. ఏం కావాలో అడుగు."

"నన్ను రానిస్తారా?"

"రానివ్వడానికి, వద్దనడానికి నేనెవర్ని? మానాలనుకున్న ఎవరికైనా ఆ తలుపు తీసే ఉంటుంది. అయిదింటికి వచ్చి కూర్చో. గది తాళంచెవి నా దగ్గరుంది, ఇంకొకాయనకి ఇచ్చేస్తాను. నువ్వున్న గదిలో నేను నోరు విప్పలేను."